కరెంటు పోతే వినిపించే దగ్గు

సూరత్‌లో మా నాన్న దగ్గును సాంచాలు దాచిపెట్టాయి. సాంచా అంటే మరమగ్గం. పర్వత్ పాటియా అవతల రేకుల షెడ్డులో అవి ఆడుతుంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినిపించదు. నాన్న ఆ మోత మాటున తనివితీరా దగ్గి, ఇంటికి పెదాలు బిగబట్టుకుని వచ్చేవాడు. మా వీధి డాక్టరు, ఆయన నిజంగా డాక్టరో కాదో దేవుడికే తెలియాలి, ఎన్నిసార్లు పోయినా అదే సూది పొడిచి అదే ఎర్రమందు ఇచ్చేవాడు.

"సర్కారు దవాఖానకు పోరాదా? టీబీ మందులు పుక్కట్లనే ఇస్తరట," అనేది అమ్మ.

"పగటిపూటనే ఇస్తరు. వాళ్ల ముందటనే మింగాల్నట. నేను ఆడ నిలబడితే నా సాంచాలు ఎవలు నడుపుతరు? బద్లీ మనిషి ఒక్కసారి నిలబడ్డడంటే మల్ల కదుల్తడా?"

ఆ భయం ఉత్తది కాదు. జబ్బుపడ్డవాడి చోట బద్లీగా వచ్చినవాడు అక్కడే పాతుకుపోవడం మా షెడ్డులో మామూలే. అందుకే మావాళ్లంతా రోగాన్ని దొంగసొత్తులా దాచుకునేవారు. పనివాడు రాలేని వేళల్లో ఉచితంగా మందు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఒక మధ్యాహ్నం నేను అన్నం తీసుకుని వెళ్లేసరికి ఉన్నట్టుండి కరెంటు పోయింది. సాంచాలన్నీ ఆగిపోయాయి. నాన్న దగ్గు ఆగలేదు. షెడ్డంతా ఆయన వైపు తిరిగి చూసింది. పని చూసే మాస్టర్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, నయమయ్యేదాకా లోపలికి రావద్దన్నాడు.

అమ్మ తన తమ్ముణ్ణి బద్లీగా పంపింది. సొంతవాడైతే తిరిగి ఇస్తాడని ఆమె నమ్మకం. మామ మా గదిలోనే తినేవాడు, నాన్న పక్కనే పడుకునేవాడు.

"నీ సాంచాలు ఏడికి పోతయి బావా? నువ్వు మంచిగైన తెల్లారే దిగిపోత," అన్నాడు.

నాన్న రోజూ పగలు సర్కారు దవాఖానకు వెళ్లి, ఒక్క మాత్ర కూడా మానకుండా మింగాడు. దగ్గు పోయింది, ఒంటికి కండ పట్టింది. నయమైందని దవాఖానవాళ్లే చెప్పారు. మామ మాత్రం దిగలేదు.

"నేనేం జెయ్యాలె బావా? టీబీ వచ్చిన మనిషిని రానియ్యనంటుండు మాస్టర్."

మాస్టర్ ఆ మాట అననేలేదు. నాన్న వెళ్లి అడిగితే, మీ ఇంటి గొడవ మీరే తేల్చుకోండి అన్నాడట.

అప్పటినుంచి నాన్న షెడ్డు ఎదుటి చాయ్ బండి దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. కరెంటు పోతే చాలు, లేచి గుమ్మం దాకా వెళ్లి చెవి ఒగ్గి నిలబడేవాడు. ఏం వినడానికో నాకు మొదట్లో అర్థం కాలేదు.

ఒకరోజు మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చాడు.

"నీ తమ్ముడు దగ్గుతుండు," అన్నాడు అమ్మతో.

రొట్టె చేస్తున్న అమ్మ చెయ్యి ఆగింది. "ఎవలన్నా విన్నరా?"

"నేను విన్న. మాస్టర్‌కు చెప్పే వస్తున్న."

పెనం మీద రొట్టె మాడిపోతున్నా అమ్మ కదల్లేదు. నాన్న నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది.

మర్నాడు పొద్దున నాన్న పనికి బయల్దేరాడు. ఇన్నాళ్లూ ఆయన పడుకున్న మూలలోనే మామ ముడుచుకుని పడుకున్నాడు.

"బావా, ఆ దవాఖాన ఎప్పుడు తెరుస్తరు?"

నాన్న అన్నం డబ్బా మూత బిగిస్తూ వెనక్కి కూడా తిరగలేదు.

"పగటిపూట. ఇగ నీకు పగలంతా ఖాళీయే గద."