స్ఫటిక భరిణె కోసం మూడు దేశాలు

1999 జూన్‌లో పంజాగుట్టలోని ఒక ప్రైవేటు మ్యూజియంలో రిజిస్ట్రారుగా చేరాను. రిజిస్ట్రారంటే పెద్ద హోదా అనుకునేరు. ఏ వస్తువు ఏ బీరువాలో ఉందో పుస్తకంలో రాసి సంతకం పెట్టేవాడు, అంతే. మా దగ్గర పేరున్నది ఒక్కటే, బొటనవేలంత స్ఫటిక భరిణె. ఒకప్పుడు అందులో బుద్ధుడి ధాతువు, అంటే చిన్న అస్థిక ముక్క, ఉండేదనీ, దాన్ని తాకిన రాజు యుద్ధాలే మానేశాడనీ చెప్పుకునేవారు. దాన్ని చూడడానికి జపాన్ నుంచి కూడా వచ్చేవారు.

రెండేళ్లకు భవనానికి మరమ్మతులొచ్చి, సామానంతా అమీర్‌పేటలో అద్దెకు తీసుకున్న అంతస్తుకు తరలించాం. మెట్ల పొడవునా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. సర్దడానికి మాకో పద్ధతుంది: ప్రతి మూటలో వస్తువు పేరు, నంబరు, సర్దినవారి సంతకంతో చీటీ పెట్టాలి, సాయంత్రం అదే తరలింపు పుస్తకంలో ఎక్కించాలి. లక్కతో సీలు వేశాక ఊరికే విప్పకూడదు.

నెల తర్వాత తనిఖీలో భరిణె లేదు. ఇనప్పెట్టెలో పెట్టినట్టే నాకు గుర్తు. దాని తాళంచెవి ఉండేది అటెండరు మల్లేశ్ దగ్గర. బోరబండ మనిషి, పన్నెండేళ్ల సర్వీసు. "పిల్లల మీద ఒట్టు సార్, గా డబ్బీని నేను ముట్టనే లేదు. మీరన్నా చెప్పుండ్రి," అని బతిమాలాడు. విచారణలో నన్నడిగితే, తాళంచెవి ఇతని దగ్గరే ఉండేదన్నాను. అతను అలాంటివాడు కాదన్న ఒక్క ముక్క నా నోట రాలేదు. మల్లేశ్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు.

భరిణెను వెతకడానికి నన్ను పంపారు. లండన్‌లో వేలం జాబితాలన్నీ తిరగేశాను. జెనీవాలో ఒక వ్యాపారి గాజుముక్క చూపించి ఇదేనన్నాడు. బ్యాంకాక్‌లో అచ్చం అలాంటిదే కనబడింది. తిప్పి చూస్తే అడుగున మా నంబరు లేదు. తిరిగొచ్చిన ప్రతిసారీ పత్రికల్లో నా ఫొటో పడేది. నాకూ బాగానే ఉండేది, అబద్ధమెందుకు!

మూడేళ్లకు పంజాగుట్ట భవనానికి తిరిగొచ్చాం. ఒక పాత మట్టికుండను ప్రదర్శనకు పంపాల్సి వచ్చి సీలు తీశాం. లోపల దూది, దూదిలో భరిణె, దాని పక్కనే చీటీ. రాత నాది. కుండలో అయితే పదిలంగా ఉంటుందని నేనే పెట్టి, చీటీ కూడా లోపలే పడేసి, ఆ హడావిడిలో పుస్తకంలో ఎక్కించడం మరిచాను. ఏటా తనిఖీలో ఆ కుండ ఎదురుగా "సీలు సరిగా ఉంది" అని టిక్కు పెట్టిందీ నేనే.

మల్లేశ్ ఎర్రగడ్డ రైతుబజారులో మూటలు మోస్తున్నాడు. వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను.

"దేశాలన్నీ తిరిగిన్రు గదా సార్. గా కుండ మూతి జర విప్పి చూస్తే అయిపోతుండె. నౌకరీ వద్దు. మా బస్తీకొచ్చి నలుగుర్ల గీ ముచ్చట చెప్తరా?" అన్నాడు.

ఆదివారం వస్తానన్నాను.

సంగతి విని మా డైరెక్టరుగారు, "ఏంటండీ, మ్యూజియం పరువు బజారుకెక్కిస్తారా?" అని మండిపడ్డారు. "సామాను సర్దుతుండగా లభించినది" అని రిజిస్టరులో రాయించారు. కింద సంతకం పెట్టాను. ఆ ఆదివారం బోరబండ వెళ్లలేదు. తర్వాత కూడా వెళ్లలేదు.

నేర్చుకున్నది ఇదీ: చీటీ వస్తువుతోపాటు లోపల ఒకటి, మూట బయట ఒకటి ఉండాలి, పుస్తకంలో ఎక్కించందే ఆ రోజు ఇంటికి వెళ్లకూడదు. రిటైరయ్యేదాకా కొత్తగా చేరినవాళ్లందరికీ దీన్ని నేర్పాను. ఎవరి పొరపాటు వల్ల నేర్చుకున్నారు సార్ అని అడిగితే, పాత అటెండరు ఒకడుండేవాడని చెప్పేవాణ్ణి.