డప్పు మోగితే నాకు అనుమానం

పాత టేప్‌రికార్డర్ కాసేపు తిరిగి వేడెక్కితే దుమ్మూ ప్లాస్టిక్కూ కలిసి కాలుతున్నట్టు ఒక వాసన వస్తుంది. ఈ ఉదయం, మేం వలస వచ్చిన ఈ దేశంలో, క్రెయిగీబర్న్‌లోని మా ఇంట్లో నేను నిద్ర లేచేసరికి ఆ వాసన వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసింది, దాని వెంటే డప్పు చప్పుడూ వచ్చింది. అమ్మ ఆ టేపు పెట్టి ఎన్నేళ్లయిందో. వేరేవాళ్లకైతే హుషారు పుట్టేది, నాకు మాత్రం అనుమానం పుట్టింది.

హుషారైన దరువు వింటే మనసెందుకు తేలికపడుతుందని నన్నడిగితే, ముందు ఆ మనసు మీద ఏ బరువు పడిందో కనుక్కోండి అంటాను. ఈ అనుమానం నాకు చిన్నప్పుడే అంటుకుంది.

అప్పుడు మేం ఇదే నగరానికి మరో కొసనున్న వెర్రిబీలో అద్దెకుండేవాళ్లం. చెత్తబండి వాడు ఖాళీ చేసి వెళ్లిన డబ్బానే వికెట్టుగా పెట్టుకుని వీధిలో ఆడిన క్రికెట్టూ, ఎండాకాలం ఉత్తరపు గాలి మోసుకొచ్చి కళ్లల్లో కొట్టే దుమ్మూ, ఋతువులు తలకిందులైన ఇక్కడ చలి మొదలయ్యే రోజుల్లో వచ్చే ఉగాదీ, మామిడికాయ దొరక్క పచ్చ ఆపిల్ ముక్కలతో అమ్మ కలిపిన పచ్చడీ, వాన పడితే గిన్నెకు అద్ది కాల్చే సర్వపిండి నుంచి లేచే నువ్వుల వాసనా, అన్నీ ఆ ఇంటివే. పని చేసేటప్పుడు అమ్మకు రేడియో కూడా గిట్టేది కాదు. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క క్యాసెట్, కరీంనగర్ దగ్గరి మా అమ్మమ్మగారి ఊళ్లో మామయ్య పెళ్లి ఊరేగింపు నాడు రికార్డు చేసి పంపింది. దాన్నిండా డప్పులూ ఈలలే. మధ్యలో తాత గొంతు, "కొట్టుండ్రి, గట్టిగ కొట్టుండ్రి!" అని.

నాన్న ఉద్యోగం పోయిన రోజు అది మోగింది. ఇల్లు ఖాళీ చేయమన్న రోజూ మోగింది. అమ్మ నా చెయ్యి పట్టి లాగి ఆడించేది, చెమట పట్టి ముఖం వెలిగాక నీళ్లు తాగి, అప్పుడు చెప్పేది అసలు సంగతి. నేనూ ఆడేదాన్ని, దరువుకు కాళ్లు ఆగవు కదా. కళ్లు మాత్రం అమ్మ ముఖం మీదే ఉండేవి, టేపు ఎప్పుడు అయిపోతుందా, ఏం బయటపడుతుందా అని.

ఒక శనివారం తెలుగువాళ్లంతా కలిసే వంతు కారు పెట్టుకునే మా గరాజ్‌కు వచ్చింది. పొద్దున్నే ఫోన్ మోగింది. తర్వాత చూస్తే అమ్మ తల నుంచి నీళ్లు కారుతున్నాయి, అప్పటికే ఒకసారి స్నానం చేసిన మనిషి. పొయ్యి ముట్టలేదు. నాన్న నా వంక చూడడం లేదు. మధ్యాహ్నం ఆంటీలు ఫాయిల్ ట్రేలలో పులిహోర, గారెలు, బూరెలు పట్టుకొచ్చేసరికి అమ్మ టేపు పెట్టేసింది. చల్లటి సిమెంటు నేల మీద ఉత్త కాళ్లతో, తడి జుట్టు వీపు మీద అతుక్కుని, అందరికంటే ముందు తనే ఆడింది. అంకుల్స్ ఈలలు వేశారు. ఇంత హుషారు అమ్మలో ఎప్పుడూ చూడలేదన్నారు. నాకు భయమేసింది.

టేపు ఆగాక పక్కవీధి రమ ఆంటీ ప్లేటు తెచ్చింది. ఆమెది గుంటూరు.

"పొద్దుట్నుంచి ఏం తిన్నట్టు లేవు, ఒక్క గారె అయినా తిను వదినా."

"మా నాయిన పోయిండు," అంది అమ్మ. "పొద్దుగాల ఫోనొచ్చింది."

"అయ్యో, ముందే చెప్పొద్దా? మేమంతా గంతులేశాం కదా!"

"చెప్తే మీరు ఆడెటోళ్లా? మా దిక్కు నిండు ముసలోళ్లను డప్పుల్తోనే సాగనంపుతం. నేను విమానం దిగెటాల్లకు అంతా అయిపోతది. గందుకే ఇక్కడ్నించే సాగనంపిన."

రమ ఆంటీ ప్లేటు కింద పెట్టి అమ్మను పట్టుకుని ఏడ్చింది. అమ్మ ఏడవలేదు. ఆ ముఖం నిజంగానే తేలికపడి ఉంది, నటన కాదు. తాత పోయినందుకు నాకు దుఃఖం వచ్చింది, ఆ డప్పు మీద ఒళ్లు మండింది. అది బరువు దించుతుందో, దించినట్టు నమ్మించి మోసం చేస్తుందో నాకు ఈనాటికీ తేలలేదు.

ఆ ఇల్లు పడగొట్టి ఇప్పుడు వరసగా చిన్న ఇళ్ల యూనిట్లు కట్టారు. రమ ఆంటీ కూతురి దగ్గరికి వేరే రాష్ట్రంలోని సన్నీబ్యాంక్‌కు వెళ్లిపోయింది. గరాజ్ పార్టీలు పోయి హాళ్లూ, రంగు లైట్లూ వచ్చాయి.

ఈ ఉదయం వంటింట్లోకి వెళ్లేసరికి అమ్మ స్టవ్ ముందు అడుగులు వేస్తోంది. పాలు పోసుకున్న సీరియల్ గిన్నె పట్టుకుని నా కూతురు తనూ ఊగుతోంది. "అమ్మమ్మ ఈజ్ సో హ్యాపీ టుడే!" అంది నాతో.

నిన్న తన పరీక్షల రిపోర్టుల కోసం హాస్పిటల్‌కు ఒక్కదాన్నే పోతానని అమ్మ పట్టుబట్టి వెళ్లింది. ఏమన్నారంటే, ఏం లేదంది. నేను నమ్మాను.

టేపు ఆపడానికి చెయ్యి చాపాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"చెప్తా బిడ్డా. గిది అయిపోనియ్యి."

టేపు లోపల్నుంచి తాత ఇంకా గట్టిగా కొట్టమంటున్నాడు. నా కాళ్లు అప్పుడే కదులుతున్నాయి. అమ్మ చెయ్యి వదలకుండా ఆడాను, ఆ టేపు అయిపోకూడదని మొట్టమొదటిసారి కోరుకుంటూ.