ఓడ మీద ఒకటిన్నర నిమిషం

ఆ ఓడ మొత్తం మీద నాకు నచ్చినవి దిగే మెట్లు. మూడు రాత్రులు ఆ ఇనుప మేడలో గడిపాను. తిరిగొచ్చాక ఎవరైనా ఎలా ఉందని అడిగితే బాగుందనే చెప్పాలని మా ఆవిడ ముందే హెచ్చరించింది, ఎందుకంటే తీసుకెళ్ళినవాడు ఆమె తమ్ముడు. అందుకని నోటితో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

మా బావమరిదికి భోగాపురంలో కొంత మెట్ట ఉండేది. వేరుశనగ వేసేవాడు, ఒక్కో ఏడు గోగు వేసేవాడు. విమానాశ్రయం పుణ్యమా అని ఆ భూమి అమ్ముడుపోయింది. అప్పటిదాకా చేను దాటి కదలని మనిషి ఆ తర్వాత కాలికి బలపం కట్టుకున్నాడు. ఒక రోజు ఫోన్ చేసి, విశాఖపట్నంలో ఎక్కే ఓడకి మా రెండు కుటుంబాలకీ టికెట్లు తీసేశానన్నాడు. నన్ను అడగలేదు. అందరికీ పసుప్పచ్చ టీషర్టులు అచ్చు వేయించాడు. నా వీపు మీద 'బావగారు' అని ఉంది. నలభై ఆరేళ్ళ మనిషిని, ఎచ్చెర్లలో గౌరవంగా ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి, వీపు మీద చుట్టరికం రాసుకుని ఓడ ఎక్కాను.

రానని చెప్పేవాణ్ణే. మా పాప మొహం చూసి ఆగాను. దానికి తొమ్మిదేళ్ళు. ఓడ అన్న మాట విన్నప్పటి నుంచీ దానికి నిద్ర లేదు. బట్టలతో పాటు శ్రుతిపెట్టె కూడా తెచ్చుకోవాలా అని నన్ను అడిగింది. ఫోనులో ఉంది కదా, చాలన్నాను.

ఆ శ్రుతి సంగతి చెప్పాలి. విజయనగరంలో మా అమ్మ పిల్లలకి సంగీతం చెబుతుంది. ఆమె నాన్నగారు గుళ్ళో మేలుకొలుపు పాడేవారు. తలుపు తియ్యకముందే వచ్చి మంటపంలో శ్రుతి పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చునేవారట. తలుపు తీసిన చప్పుడు వినిపించాకే గొంతు విప్పేవారు. ఆ అలవాటు మా అమ్మకి వచ్చింది. ఆమె పాఠంలో మొదటి అయిదు నిమిషాలు పాట ఉండదు. చాప మీద కూర్చోవాలి, శ్రుతిపెట్టె మోగుతుంటే వినాలి, లోపల మాత్రమే 'స' అనుకోవాలి. ఊపిరి ఆ 'స'లో కుదిరిందని తనకి నమ్మకం కలిగాక మా అమ్మ తల ఊపుతుంది. అప్పుడు పాడాలి. ఫీజు తీసుకుని పిల్లల్ని ఉత్తినే కూర్చోబెడతారా అని అడిగిన తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. వాళ్ళ పిల్లల్ని ఆమె మర్నాటి నుంచి రావద్దంది.

నన్నూ అలాగే కూర్చోబెట్టేది. నాకు అయిదు నిమిషాలు అయిదు గంటల్లా ఉండేవి. కాలు జాపేవాణ్ణి, గోడ గడియారం చూసేవాణ్ణి, తల ఊపకముందే మొదలుపెట్టేసేవాణ్ణి. పదేళ్ళు నిండేసరికి మా అమ్మ నన్ను వదిలేసింది. పాప అలా కాదు. శ్రుతి ముందు కూర్చుంటే ఈగ వాలినా కదలదు. ఇంకెవరికీ రాని ఈ పద్ధతి దీనికి వచ్చిందని మా అమ్మ ఒకసారి నాతో అంది. ఆమె మెచ్చుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే. ఆదివారం వస్తే చాలు, పాపని తీసుకుని విజయనగరం బస్సెక్కేవాణ్ణి.

ఇక ఓడ. చుట్టూ ఇంత సముద్రం పెట్టుకుని దాన్ని చూసిన పాపాన పోయినవాడు అందులో లేడు. పొద్దున్నే తలుపు కింద నుంచి ఒక కాగితం తోసేవారు. ఏ గంటకి ఎక్కడ నవ్వాలో అందులో రాసి ఉండేది. పదింటికి తంబోలా, పదకొండింటికి నీళ్ళ జారుడుబండ, పన్నెండింటికి తల్లులకి డాన్సు, మూడింటికి తండ్రీకొడుకుల గోనెసంచి పరుగు. నడవాలో స్పీకర్లు, లిఫ్టులో స్పీకర్లు, ఆఖరికి మరుగుదొడ్డిలో కూడా స్పీకరే. వీటన్నిటికీ పెద్ద ఒక అమ్మాయి. మైకు పుట్టుకతోనే చేతికి అతుక్కుని వచ్చిందేమో అనిపించేది. "హలో ఫ్యామిలీ!" అనేది. అందరం అరవాలి. వినిపించలేదనేది. మళ్ళీ అరవాలి. వినిపించలేదని ఆమె అబద్ధమాడుతోందని తెలిసి కూడా రెండు వందలమంది గొంతు చించుకునేవారు. మా బావమరిది అందరికంటే ముందు.

ఆ అమ్మాయి వెనకాల ఒక ఎలుగుబంటి వేషం తిరిగేది. మా శ్రీకాకుళం వైపు ఉద్దానంలో జీడితోటల్లోకి ఎలుగుబంటి వస్తే జనం పరిగెడతారు, దానికి దూరం ఇస్తారు, అదీ మనకి దూరం ఇస్తుంది. దీనికి ఆ మాత్రం మర్యాద కూడా లేదు. అంచున కుర్చీ వేసుకుని సముద్రం వైపు చూస్తున్న నన్ను వెనక నుంచి వచ్చి వాటేసుకుంది, లేపి గంతులు వేయించింది. మా ఆవిడ ఫోటో తీసింది. ఆ ఫోటో ఇప్పటికీ చుట్టాల ఫోన్లలో తిరుగుతోంది.

రెండో రోజు కాగితంలో సాయంత్రానికి పిల్లల ప్రతిభా ప్రదర్శన అని ఉంది. నేను చూసేసరికే మా బావమరిది పాప పేరు ఇచ్చేశాడు. అది ఎగిరి గంతేసింది. అక్కడ శ్రుతి పెట్టుకోనిస్తారా అని నన్ను కనుక్కోమంది. మైకు అమ్మాయికి తెలుగు రాదు, వెళ్ళి ఇంగ్లీషులో అడిగాను. ఫోను పెట్టుకోవచ్చంది. ఒక్కొక్కరికి ఒకటిన్నర నిమిషం, అవగానే హారన్ కొడతామంది. మా పాపకి మొదలుపెట్టడానికే అంతకంటే ఎక్కువ పడుతుందన్నాను. ఆమె నవ్వి, పిల్లలు ఏం చేసినా ముద్దుగానే ఉంటుందంది.

ఇక్కడ నా సంగతి నేను దాచను. హారన్ గురించి నేను పాపకి చెప్పలేదు. మరిచిపోయి కాదు. నేరుగా పాట ఎత్తుకోమని చెప్పి ఉండొచ్చు, చెబితే వినేది. నాకు వేరే ఆశ పుట్టింది. రెండు రోజులుగా నా చెవుల్లో డప్పులు కొట్టిన ఈ మంద ముందు మా పిల్ల కళ్ళు మూసుకుని కూర్చోవాలి, వీళ్ళు నోరు మూసుకుని చూడాలి, పాట అంటే ఎలా మొదలవుతుందో ఒకసారైనా తెలియాలి. హారన్ కొట్టే చెయ్యి దానంతటదే ఆగిపోతుందని కూడా అనుకున్నాను. నా కసి తీర్చుకోవడానికి తొమ్మిదేళ్ళ పిల్లని పంపించాను.

దానికి ముందు ఒక కుర్రాడు సినిమా పాటకి గెంతాడు. ఒక పిల్ల పదమూడో ఎక్కం అప్పజెప్పింది. హారన్ మోగినప్పుడల్లా జనం నవ్వారు, ఎలుగుబంటి బెలూన్లు విసిరింది. మా పాప పిలవగానే వెళ్ళింది. వేదిక మెట్ల దగ్గర చెప్పులు విప్పింది. చేతికిచ్చిన మైకు నోటి దగ్గర పెట్టుకోకుండా కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఫోనులో శ్రుతి పెట్టి, మైకు దాని పక్కన పడుకోబెట్టి, కళ్ళు మూసుకుంది.

ఆ పెద్ద స్పీకర్లలోంచి శ్రుతి వచ్చింది. మూడు రోజుల్లో ఆ ఓడలో వినిపించిన మంచి ధ్వని అదొక్కటే. హాలంతా దానితో నిండిపోయింది. కానీ జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యంత్రం పాడైందనుకుని సౌండు చూసే అతను వంగి తీగలు కదపడం మొదలుపెట్టాడు. నా వెనక ఎవరో పాప నిద్రపోయిందన్నారు. నవ్వులు లేచాయి.

మైకు అమ్మాయి వచ్చింది. పాపం భయపడింది, మనమంతా చప్పట్లతో ధైర్యం చెబుదామంది. రెండు వందలమంది తాళం వేసి చప్పట్లు కొట్టారు. పాప కదల్లేదు. నాకు గర్వంగా ఉండాల్సింది. లేదు, తల కొట్టేసినట్టయింది. వెనక వరుసలో ఒకావిడ నా వీపు మీద 'బావగారు' చదివి, ఈయన పిల్లేనా అని మా ఆవిడని జాలిగా అడిగింది. అప్పుడే ఎలుగుబంటి వేదికెక్కి పాపని వెనక నుంచి వాటేసుకుంది.

పాప ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఎలుగుబంటిని చూడలేదు, జనాన్ని చూడలేదు. నన్ను వెతుక్కుంది. మా అమ్మ తల ఊపినట్టు నేను తల ఊపుతానని చూసిందేమో. ఆగు అని ఒక్క సైగ చేస్తే సరిపోయేది. నేను కుర్చీలోంచి లేచి రెండు చేతులూ ఊపాను.

"పాడెయ్యమ్మా. తొందరగా పాడెయ్. టైమయిపోతాది."

పాడింది. శ్రుతి ఒక దారి, గొంతు ఒక దారి. పల్లవి ఉరుకులు పరుగుల మీద సగానికి వచ్చిందో లేదో హారన్ మోగింది. బెలూన్లు పడ్డాయి. 'ధైర్యశాలి' అని రాసిన ప్లాస్టిక్ పతకం మెడలో వేశారు. మా బావమరిది ఈల వేశాడు.

ఆ తర్వాత నేను వెళ్ళి మైకు అమ్మాయిని కడిగేశాను. కోపం వస్తే నాకు ఇంగ్లీషు రాదు, శ్రీకాకుళమంతా నోట్లోకి వచ్చేస్తుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆమె నవ్వుతూనే నిలబడింది. దగ్గరగా చూస్తే కళ్ళ కింద నల్లగా ఉంది, నిద్ర లేని మొహం. ఆ మొహం చూసి నా కోపం పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు. ఇప్పటికీ ఉంది. మా బావమరిది నన్ను పక్కకి లాక్కెళ్ళాడు.

"ఏటి బావా, సిన్నపిల్లలాట కాడ గొడవేటి? మెడల్ కూడా ఇచ్చినారు కదా. అదే నవ్వుతన్నాది సూడు."

చూశాను. పాప మా బావమరిది పిల్లలతో కలిసి జారుడుబండ మీద జారుతోంది, పతకం నీళ్ళలో తేలుతోంది. పిల్లలు కదా, మరిచిపోయిందనుకున్నాను. మిగిలిన ప్రయాణమంతా ఆ ఓడని, ఆ ఎలుగుబంటిని, మా బావమరిదిని తిట్టుకుంటూ గడిపాను. తిట్టుకోవడానికి అంతమంది ఉంటే మనిషికి హాయిగా ఉంటుంది.

వచ్చిన ఆదివారం విజయనగరం వెళ్ళాం. ఓడలో పాడిన సంగతి మా అమ్మకి చెప్పొద్దని దారిలో పాపకి నేను చెప్పలేదు, అయినా పాప మామ్మకి చెప్పలేదు. మా అమ్మ చాప పరిచి శ్రుతిపెట్టె ముందుకి లాక్కుంది. నేను గుమ్మం దగ్గర పేపరు పట్టుకుని కూర్చున్నాను. పెట్టె తిత్తి నాలుగుసార్లు కూడా ఆడలేదు, పాప అందుకుంది. వేగంగా, ఊపిరి పీల్చుకోకుండా పాడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. గోడ గడియారాన్ని చూస్తున్నాయి.

మా అమ్మ చెయ్యెత్తి ఆపింది. మళ్ళీ శ్రుతి పెట్టింది. మళ్ళీ అంతే. మూడోసారి పెట్టె మూసేసి, దాన్ని పక్కకి జరిపింది.

"ఏటమ్మా, ఎవులైనా తరుముతన్నారా?"

"టైమయిపోతాది మామ్మా."

"అలాగని ఎవులు సెప్పినారు?"

ఎలుగుబంటి పేరు చెబుతుందనుకున్నాను. హారన్ పేరు చెబుతుందని, ఆ మైకు అమ్మాయి పేరు చెబుతుందని ఎదురుచూశాను. చెబితే నేనూ అందుకుని నాలుగు మాటలు కలపడానికి సిద్ధంగా ఉన్నాను.

"నాన్న," అంది పాప.

మా అమ్మ లేచింది. స్టూలు జరుపుకుని ఎక్కి, గోడ గడియారం తీసింది. నేను కాలు జాపి కూర్చున్న రోజుల నుంచీ అక్కడే ఉన్న గడియారం, దాని వెనక సున్నం తెల్లగా మిగిలిపోయింది. తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"దీన్ని నువ్వుంచుకో. ఎల్లి అరుగు మీద కూకో," అంది.

తలుపు వేసుకుంది. అరుగు మీద గడియారం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లోపల శ్రుతి మొదలైంది. ముల్లు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. ఓపిక పట్టు తల్లీ, ఇప్పుడు నిన్ను తరిమేవాళ్ళెవరూ లేరని లోపల్లోపల అనుకుంటున్నాను. నలభై సెకన్లు కాకముందే పాప గొంతు వినిపించింది. గడియారం నా దగ్గరే ఉంది.