ఎండ పడే జాగా

మా మేనత్త పోయిందని టేకులపల్లి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆమె కొడుకు, మా బావ. "అమ్మ పోయింది, జల్దీ రా" అన్నాడు. ఏడ్చాను. ఏడుపు వెనకే కోపమూ వచ్చింది. అది ఇంకా పోలేదు.

అత్త ఇల్లు ఊరి చివర, అడవి అంచున. నా హైస్కూలు చదువంతా ఆ ఇంట్లోనే, ఆమె ఆవు పాలతోనే. పశువుల కొట్టం చుట్టూ నేలను చెక్కి నున్నగా ఉంచేది. రాలిన ఆకు కనబడితే ఊడ్చి తగలబెట్టేది. "ఎండ తగిలే కాడ పిడుదు బతకదు బిడ్డా. నీడ, చెత్త ఉంటే మన నెత్తురు తాగి మననే ఏలుతది" అనేది. మీకు నవ్వు రావచ్చు గానీ, కోళ్లను కూడా ఆమె గుడ్ల కోసం పెంచలేదు, పశువుల ఒంటిని పట్టే పిడుదుల్ని ఏరి తింటాయని పెంచింది. ఎవరైనా కూరకు కోడినడిగితే తిట్టి పంపేది. తిట్టడంలో ఆమెకు ఆమే సాటి.

తర్వాత బావ కొత్తగూడెంలో కాపురం పెట్టి, చేనంతా జామాయిల్ నాటించాడు, కొట్టం గోడ దాకా. చెట్ల కింద గడ్డీ కంపా మోకాలెత్తు పెరిగాయి. పిడుదులు కొట్టంలోకి వచ్చేశాయి. పాలిచ్చే ఆవుకు జ్వరం పట్టింది, మూత్రం కాఫీ రంగులో పడింది. పశువుల డాక్టరు వచ్చేసరికే చచ్చిపోయింది. మిగిలింది దాని పెయ్యదూడ.

"నాలుగు వరుసలు కొట్టెయ్యిరా, దీన్నన్న దక్కించుకుంట" అని అత్త బతిమాలింది. ఎవరినీ బతిమాలే మనిషి కాదు.

"పిడుదుల కోసం చెట్లు కొట్టాల్నా? నీకేమన్న పిచ్చా అమ్మా?" అని నవ్వాడు బావ.

అప్పటినుంచి అత్త రోజూ మధ్యాహ్నం దూడ ముందు కూర్చుని, చెవుల్లో, మెడ కింద వెతికి, పిడుదుల్ని ఒక్కొక్కటే పీకి కిరసనాయిలు డబ్బాలో వేసేది. ఆమె కూర్చుంటే చాలు, దూడ మెడ చాచేది. నడుం వంగిపోయినా ఆ పని మానలేదు.

దహనానికి అందలేకపోయాను, దినం నాడు వెళ్లాను. కొట్టం పక్క నాలుగు కాదు, ఆరు వరుసలు కొట్టేసి ఉన్నాయి. షామియానాకు జాగా చాలలేదట. కంపంతా చెక్కించాడు. నేల అత్త ఉన్నప్పటిలాగే నున్నగా ఉంది.

"మంచిగ చేయించిన కదా?" అన్నాడు బావ.

"అవ్, మంచిగ చేయించినవ్. ఆమె అడిగిననాడు చేయిస్తే ఇంకా మంచిగుండేది."

బావ వడ్డనకు వెళ్లిపోయాడు. విస్తట్లో కోడికూర పడింది. ఎవరి కోళ్లో అడగాల్సిన పని లేదు. విస్తరి ముందు నుంచి లేచి, కొట్టం వెనక్కి వెళ్లాను.

చుట్టాలకు అడ్డమని దూడను అక్కడ, జామాయిల్ నీడలో, గడ్డి గుబురులో కట్టేశారు. చెవుల నిండా పిడుదులు, ఆముదం గింజల్లా. నేను ముందు కూర్చోగానే అది మెడ చాచింది.