డీ డ్రైవ్ తలుపు తీసిన ధనరాజ్

చచ్చిన లాప్‌టాప్‌ను గవరపాలెం మలుపు తిప్పితే చాలు, ధనరాజ్ రిపేరు కొట్టు కనబడగానే భయంతో లేచి కూర్చుంటుంది. నమ్మనివాళ్లు రోజూ ఇటుగా పరవాడ కంపెనీ బస్సుల్లో తిరిగేవాళ్లను అడగండి. మనిషి మాత్రం మహా నిదానం. ముందు చేతులు చొక్కాకు తుడుచుకుంటాడు, రంగులేసే కుంచెతో కీబోర్డు దులుపుతాడు, ఆ తర్వాతే "ఏటయింది?" అంటాడు.

మొన్న బెల్లం వ్యాపారి రామ్మోహనరావుగారి కూతురు పావని పరుగున వచ్చింది. సాయంత్రం ఐదింటికల్లా కాలేజీలో ప్రాజెక్టు ఇవ్వాలి. లాప్‌టాప్ బిగుసుకుపోయి, తెర మీద బాణం గుర్తు కూడా కదలడం లేదు. అప్పటికే ఇద్దరు మెకానిక్‌లు మొత్తం చెరిపేయక తప్పదన్నారు. ధనరాజ్ హార్డ్ డిస్కు ఊడదీసి తన కంప్యూటర్‌కు తగిలించాడు. సీ డ్రైవ్‌లో ఆవగింజంత చోటు లేదు. అదే డిస్కులో రెండో అరలాంటి డీ డ్రైవ్ మాత్రం నాలుగేళ్లుగా ఖాళీ.

"డీలో ఏటీ పెట్టలేదేటమ్మా?"

"దాని జోలికెళ్తే పాడైపోతుందని నాన్న అన్నారండీ."

సీని నింపేసిన పావని వాళ్లక్క పెళ్లి వీడియోలన్నీ డీలోకి పంపేసి, డిస్కు బిగించి మీట నొక్కాడు. బాణం కదిలింది, ప్రాజెక్టు తెరుచుకుంది. పావనికి ఏడుపొచ్చేసింది. పక్క కొట్టతను దేముడు, "ప్రాణం పోసేసేవు బావా!" అని కేక పెట్టాడు.

"పొయ్యడమేటి బావా! సీలో సోటు లేదు, డీ ఖాళీగా ఉంది. ఇటున్నవి అటు సర్దేను," అన్నాడు ధనరాజ్. "అంతే."