లోపల నేను, బయట గొళ్ళెం

రాళ్ళ నమూనాలు ఏరుకురావడానికి ఇవాళ పొద్దున మా జియాలజీ వ్యాన్‌లో క్యాంపస్ నుంచి బయల్దేరాం. పడకా, కిరసనాయిలు పొయ్యీ ఉన్న బండి. తార్నాక చేరేసరికే కప్పు మీద నిలిచిన రాత్రి వాననీళ్ళు పడక మీద కారాయి. బండి ఆపాం. చిల్లులు ఎక్కడున్నాయో తేల్చడానికి డ్రైవర్ యాదగిరి పైకెక్కి నీళ్ళు పోస్తే, కారే చోట్లకు నేను లోపల సుద్దతో గుర్తులు పెట్టాలి. లోపలి గడియ విరిగి తలుపు ఊగుతోందని బయట గొళ్ళెం పెట్టాడు.

రెండు చెంబులు పోశాడో లేదో నిజం వానే వచ్చింది. ఆయన మాయం. కిటికీ ఊచల్లోంచి చూస్తే ఎదురుగా ఇరానీ హోటల్లో చాయ్ తాగుతున్నాడు. తలుపు బాదాను, అరిచాను. ఆ చప్పుడులో ఎవరు వింటారు?

వాన తగ్గాక తీరిగ్గా వచ్చి గొళ్ళెం తీశాడు.

"ఏంది యాదన్నా, నన్ను గిట్ల బంద్ చేసి పోయినవ్?"

"వాన వడ్తుంటె ఇగ నేనెందుకు నీళ్ళు పొయ్యాలె సార్? గుర్తులు పెట్టిన్రా?"

పెట్టాను. ఆ చోట్ల పైన తుడిచి తారు పూశాడు. సాయంత్రం బకెట్ నింపుకొచ్చి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఆగిందో లేదో చూడాలె గద సార్. ఎక్కుండ్రి."

ఎక్కాను. బయట గొళ్ళెం పడింది. మళ్ళీ వానొచ్చింది, మళ్ళీ ఆయన హోటల్లో. ఈసారి చుక్క కారలేదు. ఇది వ్యాన్‌లోంచే రాస్తున్నాను. మీరైతే ఎక్కేవారా?