హైమావతి టీచరు పథ్యం

1999 నవంబరు. అప్పటికి నేను జగ్గయ్యపేటలో ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా చేరి పదకొండేళ్ళయింది. కాపురం మాత్రం నందిగామలో. పొద్దున్నే ఆరున్నర బస్సెక్కి వెళ్ళి, డ్యూటీ దిగి, సాయంత్రం ఐదింటికల్లా ఇల్లు చేరేదాన్ని. పద్నాలుగు పడకల ఆసుపత్రి మాది. కాన్పులు, టైఫాయిడ్లు, పురుగుమందు తాగినవాళ్ళు, హైవే మీద దెబ్బలు తగిలి వచ్చే లారీ డ్రైవర్లు, ఇవీ మా కేసులు. కేన్సర్ అని అనుమానం వస్తే హైదరాబాదు పంపేసేవాళ్ళం. అయితే పంపేసిన వాళ్ళు అక్కడే ఉండిపోరు కదా. మూడు వారాలకోసారి వెళ్ళి మందు ఎక్కించుకునేవారు, మధ్యలో వాంతులకీ నీరసానికీ మా దగ్గరికే వచ్చేవారు. మా భాషలో దీన్నే సైకిల్ అంటాం. ఒకసారి మందు ఎక్కించడం, ఒళ్ళు తేరుకునేదాకా ఆగడం, మళ్ళీ ఎక్కించడం.

అసలు కథకి ముందు పథ్యం సంగతి చెప్పాలి. డాక్టరు గారు రౌండ్స్ ముగించి అటు వెళ్ళగానే, పేషెంటు తాలూకు వాళ్ళు నర్సుని పట్టుకుని అడిగే మొదటి ప్రశ్న పథ్యం గురించే. జబ్బు గురించి ఆ తర్వాత. ఏదైనా తినొచ్చండీ అన్నామో, వాళ్ళ మొహాలు చూడాలి. ఈ మందు పనిచేయదని అప్పుడే తేల్చేసుకుంటారు. వత్సవాయి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, పథ్యం లేని మందు మందెట్టా అవుద్దని నన్ను నిలదీసి, బిళ్ళలు బల్ల మీద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. లంఖణం పరమౌషధం అని నమ్మే ఊళ్ళు మావి.

అందుకని నర్సులం ఎవరికి వాళ్ళం ఒక జాబితా పెట్టుకున్నాం. నాది మా అత్తగారు బాలింతలకి చెప్పే జాబితా. కారం వద్దు, పులుపు వద్దు, వంకాయ, గోంగూర, చేపలు, నిలవ పచ్చళ్ళు అసలే వద్దు. బీరకాయ, సొరకాయ, పెసరకట్టు, పలచటి మజ్జిగ తినొచ్చు. ఎక్కాలు అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పేసేదాన్ని. అందులో వంకాయ ఏ పాపం చేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. జ్వరానికైనా, కాలు విరిగినా అదే జాబితా. వాళ్ళకి తృప్తి, మాకు పని తేలిక. దానివల్ల ఎవరికీ నష్టం లేదనే అనుకునేదాన్ని.

హైమావతి టీచరు మొదటి సైకిల్ అయ్యాక మా దగ్గరికి వచ్చారు. నందిగామలోనే ఒక ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసేవారు. నలభై ఎనిమిదేళ్ళుంటాయి. పెద్ద గొంతు. అండాశయంలో పుట్టిన కేన్సర్ పొట్టంతా పాకింది. ఆపరేషన్‌తో పోయే దశ దాటిందని హైదరాబాదులో చెప్పి పంపారు. మందులతో కొన్నాళ్ళు ఆపొచ్చు, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దన్నారట. ఆ మాట భర్త కోటేశ్వరరావు గారు మా డాక్టరు గారికి చెబుతున్నప్పుడు ఆవిడ పక్కనే కూర్చుని వింటున్నారు. దాపరికం లేదు వాళ్ళిద్దరి మధ్యా.

ఆయన జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో టైమ్ కీపరు. ఎవరు ఎన్నింటికి లోపలికి వచ్చారు, ఎన్నింటికి బయటికి వెళ్ళారు అన్నది చూసే ఉద్యోగం. మనిషి కూడా అంతే, గడియారంలాంటి మనిషి. పిల్లలు లేరు. సెలైన్ అయిపోయి ఇంటికి బయల్దేరేటప్పుడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "పథ్యం చెప్పండి సిస్టరు గారూ, రాసుకుంటా" అన్నారు. నేను నా ఎక్కాలు అప్పజెప్పాను. ఒక్కటి కూడా వదలకుండా రాసుకున్నారు. వంకాయ దగ్గర ఆగి, తెల్ల వంకాయ కూడానా అని అడిగి మరీ రాసుకున్నారు.

ఆవిడకి ఎక్కించే మందుల్లో ఒకటి ఎర్రగా ఉంటుంది. పేషెంట్లంతా దాన్ని ఎర్రమందు అనేవారు. జుట్టు ఊడేది దానివల్లే. రెండో సైకిల్‌కి టీచరు గారి జడ పోయింది. చేతుల నరాలు నల్లబడి గట్టిపడ్డాయి. సూది గుచ్చడానికి నరం దొరక్క నేను ఇబ్బంది పడుతుంటే, కంగారు లేకుండా చెయ్యమని ఆవిడే నాకు ధైర్యం చెప్పేవారు. మా ఇల్లు కూడా నందిగామలోనే కాబట్టి, తర్వాత్తర్వాత ఆవిణ్ణి జగ్గయ్యపేటకి తిప్పడం మానిపించాం. డ్యూటీ నుంచి వస్తూ నేనే వాళ్ళింటికి వెళ్ళి ఇంజక్షన్లు చేసి వచ్చేదాన్ని.

అలా వెళ్ళిన ఒక సాయంత్రం, జనవరి నెలాఖరులో, ఇల్లంతా పండుమిరపకాయల ఘాటు. మా వైపు పొలాల్లో కాయ ఎర్రబడే రోజులు అవి. తొడిమలు తీసిన కాయల్ని ఉప్పు, చింతపండు వేసి తొక్కి జాడీకి ఎత్తుకుంటాం. కొరివికారం అంటాం. టీచరు గారి కొరివికారం స్కూల్లో ప్రతి క్యారేజీలోకీ వెళ్ళేదట. ఆ ఏడు రోలు దగ్గర కూర్చునే శక్తి లేక, పక్కింటావిడ చేత తొక్కించి, తాను కుర్చీలో కూర్చుని ఎంత వెయ్యాలో చెప్పారట. రుచి మాత్రం చూడలేదు. పథ్యం కదా.

నేను సూది తీసి దూది అదుముతుంటే ఆవిడ అడిగారు.

"సుగుణా, వేడన్నంలో నెయ్యేసుకుని ఒక్క ముద్ద కలుపుకుంటే ఏమవుద్ది? మూడు రోజుల్నించి నాకిదే ధ్యాస. రాత్రి కల్లోకి కూడా వస్తంది."

నాలుగో సైకిల్‌కి ఇంకా వారం ఉంది. అప్పుడు ఆవిడ నోరు బాగుంది, ఆకలి కూడా కొంచెం వేస్తోంది. ఇవన్నీ నాకు తెలుసు. కానీ పుస్తకంలో రాసుకున్న మనిషి గుమ్మంలో నిలబడి నా వంకే చూస్తున్నాడు. నేను నవ్వుతూ, "ట్రీట్‌మెంట్ అయిపోనివ్వండి టీచరు గారూ, తర్వాత జాడీ మొత్తం మీదే" అన్నాను. అలాగేలే అని ఆవిడా నవ్వారు. చిన్నపిల్లకి సర్దిచెప్పినట్టు చెప్పానని అప్పుడు నాకు గర్వంగా కూడా అనిపించింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను ఈ మాట.

ఐదో సైకిల్ తర్వాత నోరు పూసింది. దీన్ని మ్యూకోసైటిస్ అంటారు. ఈ మందులకి నోటి లోపలి పొర లేచిపోయి, నాలుక మీదా బుగ్గల లోపలా గొంతులోనూ పుళ్ళవుతాయి. మంచినీళ్ళు మింగినా మంటే. దానికి తోడు రుచి పోయింది. ఏది నోట్లో పెట్టినా తుప్పు నాకినట్టుందనేవారు. చల్లారిన రాగిజావ, కొబ్బరినీళ్ళు, అంతే. మనిషి సగమైపోయారు.

మార్చిలో స్కాన్ చేసి, మందు పనిచేయడం లేదని, ఇక ఇంటి దగ్గరే ఉంచుకుని నొప్పి లేకుండా చూసుకోండని పంపేశారు. నొప్పి మందు మోతాదు కోసం మా డాక్టరు గారు ఆవిడ ఫైలు తెమ్మన్నారు. నర్సులం ఫైలు తెరిస్తే మందుల పేర్లూ, రక్తకణాల లెక్క చెప్పే కౌంట్సూ చూస్తాం, మూసేస్తాం. ఆ రోజు మొదటి కాగితం నుంచీ చదవాల్సి వచ్చింది. నవంబరు నాటి హైదరాబాదు డిశ్చార్జి కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంది. డైట్, నార్మల్, హై ప్రోటీన్. పేషెంటుకి ఇష్టమైనది పెట్టండి అని కూడా ఉంది.

ఫైలు పట్టుకెళ్ళి డాక్టరు గారిని అడిగాను, ఇలాంటి వాళ్ళకి కారం, పచ్చళ్ళు పెట్టొచ్చా అని. కౌంట్స్ పడిపోయిన వారం పచ్చివీ బయటివీ వద్దంటాం, నోరు పుండుగా ఉన్నప్పుడు ఎలాగూ తినలేరు, మిగతా రోజుల్లో ఏది తింటే అదే బలం, ఎవరు వద్దన్నారు అన్నారాయన. వద్దన్నది నేనే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న పని అయింది నాది.

ఆ సాయంత్రం బస్సు దిగి తిన్నగా వాళ్ళింటికే వెళ్ళాను. కోటేశ్వరరావు గారు మందుల షాపుకి వెళ్ళారు. టీచరు గారు కిటికీ పక్క మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నారు. నేను నిలబడే చెప్పేశాను. ఆ పథ్యం డాక్టర్లు చెప్పింది కాదనీ, అలవాటు కొద్దీ నేను చెప్పిందనీ, జనవరిలో మీరు అడిగినప్పుడు హాయిగా తింటే ఏమీ అయ్యేది కాదనీ. చెబుతూ ఏడ్చేశాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"తెలుసమ్మా" అన్నారు ఆవిడ.

నోటి పుళ్ళ వల్ల మాట ముద్దగా వస్తోంది. ఆగి ఆగి చెప్పారు. నాలుగో సైకిల్‌కి వెళ్ళినప్పుడు అక్కడ తిండి సంగతులు చెప్పే ఒకామె, ఏం తింటున్నారని అడిగిందట. ఈవిడ చెబితే, అయ్యో అవన్నీ ఎందుకు మానేశారు, ఏదైనా తినండి అందట. కోటేశ్వరరావు గారు అప్పుడు రక్తపరీక్ష కాగితాల కోసం వెళ్ళారు, వినలేదు. తిరుగు ప్రయాణంలో చెబుదామనుకున్నారు టీచరు గారు. గరికపాడు దగ్గర బస్సు ఆపారు. జనమంతా దిగి ధాబాలో తింటున్నారు. ఈయన మాత్రం దిగకుండా క్యారేజీ విప్పారు. చప్పిడి బీరకాయ, పెసరకట్టు. ఆవిడకీ అదే, తనకీ అదే.

"నాలుగు నెల్లనించి నాతోపాటే ఆయనా నోరు కట్టేసుకున్నాడు. కారం లేందే ముద్ద దిగని మనిషి. నువ్వు తినంది నాకెందుకంటాడు. ఇప్పుడిది అనవసరంగా చేశామని చెప్తే, నా నోటికాడ కూడు తానే తీసేశానని కుమిలిపోడూ? రేపు నేను లేకపోతే ఆ మాట ఆయన్ని బతకనియ్యదు. అందుకే చెప్పలా. నువ్వూ చెప్పొద్దు."

నేను తల ఊపాను. అప్పుడు ఆవిడ, వంటింట్లో ఉన్న జాడీ చూపించి, అన్నం ఉంది, పెట్టుకుని ఇక్కడికొచ్చి నా ముందు తిను అన్నారు. నావల్ల కాదన్నాను. "నాకు చూడాలనుంది సుగుణా" అన్నారు. ఆ గొంతులో ఆశ వింటే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? పళ్ళెంలో అన్నం పెట్టుకుని, కొరివికారం, నెయ్యి వేసుకుని ఆవిడ మంచం పక్కన కింద కూర్చున్నాను. ఆవిడ నా వేళ్ళనే చూస్తున్నారు. బాగా కలుపు, ఎర్రగా కలుపు అన్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నేను మింగితే ఆవిడ గొంతు కూడా కదిలింది. ఆవిడకి ఎంత కోరికగా ఉందో ఆ గుటకలో చూశాను. పాతికేళ్ళు కావస్తున్నా ఇప్పటికీ ఆ గొంతు కదలిక నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగారు. సరిపోయిందన్నాను. "నిజం చెప్పు" అన్నారు. టీచరు గదా, అబద్ధం పట్టేస్తారు. కొంచెం తక్కువైందన్నాను. "అనుకున్నా. నేను నాలిక్కి రాసుకుని చూస్తేగాని అది కుదరదు" అన్నారు. కాసేపటికి వెల్లుల్లి తగులుతోందా అని అడిగారు. తగులుతోందన్నాను. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా నా కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆవిడ కళ్ళు మూసుకుని, చాలమ్మా అన్నారు. ఏప్రిల్ రెండో వారంలో వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు అదే ఆసుపత్రిలో చేశాను. ఫైలు మొదటి వరుస నుంచి చివరిదాకా చదవకుండా తిండి గురించి మాట్లాడలేదు. కాగితంలో లేకపోతే డాక్టరు గారి గదికి వెళ్ళి అడిగి వచ్చేదాన్ని. పెద్ద జబ్బుతో వచ్చినవాళ్ళని, మీకేం తినాలనుంది అని నేనే ముందు అడిగేదాన్ని. సుగుణ సిస్టరుకి పథ్యం చెప్పడం కూడా రాదని కొందరు వెక్కిరించారు కూడా. మన నోటి నుంచి అలవాటుగా జారే మాట, వినేవాళ్ళ ఇంట్లో చట్టమై కూర్చుంటుంది. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికన్నా ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే.

కోటేశ్వరరావు గారు మే నెలలో ఒకసారి ఆసుపత్రికి వచ్చారు. వాడని ఇంజక్షన్లూ సెలైన్ సీసాలూ ఎవరికైనా పనికొస్తాయని సంచీలో తెచ్చారు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. కుర్చీలో కూర్చుని, "పథ్యంలో ఒక్క పూట కూడా తేడా రానియ్యలేదండి సిస్టరు గారూ, మీరు చెప్పింది చెప్పినట్టు చేశాం" అన్నారు. ఆయనకి మిగిలిన ఒకే ఒక్క తృప్తి అది. నేను టీచరు గారికి ఇచ్చిన మాట మీద నిలబడి ఊరుకున్నాను. లేవబోతూ ఆగి, కొంచెం మొహమాటంగా అడిగారు.

"ఇంక నేను మామూలుగా తినొచ్చాండీ?"

"తినండి. మీకు ఇష్టమైనవన్నీ తినండి" అన్నాను.

ఆ మాట జనవరిలో, ఆ ఇంట్లో, ఆవిడతో అనాల్సింది.